కాలి నుంచి యాంజియో చేశాక రంధ్రం మూసే పరికరాలు: ప్రపంచ మార్కెట్ లెక్క, సిక్కోలు అవసరం

గుండె యాంజియోగ్రామ్ అనగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రోగి ఇంటివాళ్లు మొదట అడిగేది ‘చేతి నుంచా, కాలి నుంచా?’ అనే. కాలి నుంచి అంటే గజ్జల్లో ఉండే తొడ ధమని గుండా అని. పరీక్ష పావుగంటలో అయిపోవచ్చు. ఆ తర్వాత ధమనికి పడిన రంధ్రాన్ని మూయడం దగ్గరే అసలు తంటా ఉంటుంది. దాన్ని చేత్తో నొక్కి ఆపొచ్చు, లేదంటే ఒకసారి వాడి పారేసే, వేల రూపాయల ఖరీదుండే పరికరంతో మూయొచ్చు.

ఈ పరికరాలు తయారుచేసే కంపెనీలు కోట్ల డాలర్లకు చేతులు మారుతుంటాయి. ఆ డబ్బంతా దేనికోసమో చూస్తే మార్కెట్ నడిచే తీరు తెలుస్తుంది. వీటి వల్ల రక్తస్రావం బాగా తగ్గిపోయిందని కాదు, సమయం ఆదా అవుతుందని వీటిని కొంటున్నారు. నర్సు గంటకూ మంచం గంటకూ ఎక్కువ ధర పలికే దేశాల్లో అమ్మకాలు ఎక్కువ. అందుకే అమెరికా లెక్కను తెచ్చి మన జిల్లా ఆసుపత్రికి అతికించలేం. ఇక్కడ ఇవి చాలామందికి అక్కర్లేదు. అయితే కొందరి విషయంలో మాత్రం లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆ కొందరు ఎవరో తేల్చుకోవడమే ఇక్కడి వైద్యులూ ఆసుపత్రులూ చేయాల్సిన పని.

రంధ్రం ఎంత, ఎక్కడ

ధమనిలో పెట్టే గొట్టాన్ని షీత్ అంటారు. దాని కొలత ఫ్రెంచ్. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. మామూలు యాంజియోగ్రామ్‌కి 5 లేదా 6 ఫ్రెంచ్ షీత్ సరిపోతుంది. షీత్‌కి చెప్పే అంకె లోపలి వ్యాసానిది, గోడ మందం దానికి అదనం. కాబట్టి 6 ఫ్రెంచ్ షీత్ తీసేసరికి ధమనికి దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రం మిగులుతుంది. తొడ ధమని వ్యాసం సాధారణంగా 6 నుంచి 8 మిల్లీమీటర్లు. సన్నగా, పొట్టిగా ఉండే ఆడవాళ్లలో ఇంకా తక్కువ.

సూది ఎక్కడ గుచ్చారన్నదాన్ని బట్టే తర్వాత కథంతా నడుస్తుంది. తొడ ఎముక తల మధ్యభాగానికి ఎదురుగా, ధమని రెండుగా చీలకముందే గుచ్చాలి. అక్కడైతే వెనక ఎముక ఆనుగా ఉంటుంది కనుక నొక్కితే ధమని అణుగుతుంది. అంతకన్నా పైన, గజ్జల్లో అడ్డంగా ఉండే ఇంగ్వినల్ లిగమెంట్ అనే పట్టీని దాటి గుచ్చితే రక్తం పొత్తికడుపు వెనక్కి కారుతుంది, బయటికి చుక్క కూడా కనబడదు. కింద గుచ్చితే సూడో అనూరిజమ్ అనే రక్తపు సంచి, లేదా ధమనికీ సిరకూ మధ్య దొంగదారి ఏర్పడతాయి. చర్మపు ముడతను చూసి అంచనాతో గుచ్చే అలవాటు లావుపాటి వాళ్లలో తరచూ మోసం చేస్తుంది, ముడత కిందికి జారి ఉంటుంది కాబట్టి. అల్ట్రాసౌండ్‌తో చూస్తూ గుచ్చడం ఇప్పుడు కొత్త విద్యేం కాదు. క్యాథ్ ల్యాబ్ (యాంజియో చేసే గది) ఉన్న చోట అల్ట్రాసౌండ్ ప్రోబ్ లేదనడం సాకు కిందే లెక్క.

చేత్తో నొక్కడం

పరికరాల మాట ఎత్తేముందు చేతి పని గురించి చెప్పుకోవాలి. పరికరం విఫలమైనా చివరికి దిక్కు అదే.

రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇచ్చి ఉంటే ఏసీటీ పరీక్షలో గడ్డకట్టే సమయం 180 సెకన్ల లోపుకి వచ్చేదాకా షీత్ తీయరు. తీశాక ఫ్రెంచ్‌కి 3 నిమిషాల చొప్పున, అంటే 6 ఫ్రెంచ్‌కి 18 నిమిషాలు నొక్కాలన్నది పాత లెక్క. ఎక్కువగా జరిగే తప్పు చర్మం మీద కనబడే రంధ్రాన్ని నొక్కడం. సూది ఏటవాలుగా దిగుతుంది కనుక ధమనికి పడిన రంధ్రం చర్మపు రంధ్రానికి ఒకటి రెండు సెంటీమీటర్లు పైన, బొడ్డు వైపు ఉంటుంది. రెండు మూడు వేళ్లు అక్కడ ఆనించి నాడి తగులుతోందో లేదో చూసుకుంటూ నొక్కాలి. మొదటి కొద్ది నిమిషాలు గట్టిగా, తర్వాత పాదం నాడి అందేంతగా సడలించి, చివర్లో మెల్లగా వదలాలి. మధ్యలో చెయ్యి ఎత్తి ‘ఆగిందా?’ అని చూస్తే అప్పటిదాకా కట్టిన గడ్డ ఊడిపోతుంది, మళ్లీ మొదటికి వస్తుంది.

నొక్కుతుండగా రోగికి ఒళ్లు చల్లబడి, చెమటలు పట్టి, నాడి నలభైల్లోకి, బీపీ కిందికి పడిపోవడం మామూలే. కాళ్లు ఎత్తి, సెలైన్ వేగం పెంచి, అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాములు సిరలోకి ఇస్తే తేరుకుంటారు. అందుకే అట్రోపిన్ సిరంజిలోకి తీసి పెట్టుకున్నాకే షీత్ మీద చెయ్యి వేయాలి. తర్వాత 4 నుంచి 6 గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. గజ్జల మీద ఇసుక మూట పెట్టడం ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది. దానివల్ల రక్తస్రావం తగ్గుతుందనడానికి ఆధారం లేదు, పైగా మూట కింద వాపు పెరిగినా కనబడదు. పైకి కనిపించే చిన్న కట్టు వేయడమే మేలు.

ఇందులో ఖర్చంటే ఒక మనిషి అరగంట, ఒక మంచం ఆరు గంటలు. ఈ రెంటికీ వెల కట్టాకే పరికరాల కంపెనీలు తమ ధర నిర్ణయించుకున్నాయి.

మూడు పద్ధతులు, చేతులు మారిన కంపెనీలు

మూసే పద్ధతులు ప్రధానంగా మూడు: ప్లగ్, కుట్టు, క్లిప్.

ప్లగ్‌లలో ఎక్కువ పేరున్నది యాంజియో-సీల్. అమెరికాలో 1996లో అనుమతి పొందింది. ధమని లోపల కరిగిపోయే ప్లాస్టిక్ లంగరు ఒకటి, బయట ఆవుజాతి పశువుల నుంచి తీసిన కొలాజెన్ స్పంజి ఒకటి, రెంటినీ బిగించి పట్టే దారం ఒకటి. వాడే తీరు ఇది: పాత షీత్ తీసి, దారి కోసం ధమనిలో ఉంచిన సన్నని వైరు మీదుగా దాని సొంత షీత్‌ని ఎక్కిస్తారు. లొకేటర్ అనే, లోతు చూపే గొట్టం చిల్లి నుంచి రక్తం కారితే ధమనిలో ఉన్నట్టు. రక్తం ఆగేదాకా వెనక్కి లాగి, మళ్లీ కారేదాకా ముందుకి నెడితే సరైన లోతు దొరుకుతుంది. లొకేటర్, వైరు తీసి పరికరాన్ని క్లిక్ అనేదాకా దింపుతారు. మూతను వెనక్కి లాగితే రెండో క్లిక్, లంగరు తిరిగి నిలిచినట్టు. అక్కణ్నుంచి మొత్తాన్ని పైకి లాగుతూ, దారం బిగువు వదలకుండా చిన్న గొట్టంతో కొలాజెన్‌ని కిందికి అదిమి, చర్మం లోపలికి దారం కత్తిరిస్తారు. మూడు భాగాలూ 60 నుంచి 90 రోజుల్లో కరిగిపోతాయి. ధమని 4 మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉంటే ఇది వద్దు, లంగరే దారికి అడ్డమవుతుంది.

కుట్టు రకంలో పెర్‌క్లోజ్ ప్రోగ్లైడ్ ముఖ్యమైనది. వైరు మీదుగా ఎక్కించి, వైరు తీసి, పక్క గొట్టం నుంచి రక్తం చిమ్మేదాకా లోపలికి నెడతారు. మీట ఎత్తితే లోపల పాదం విచ్చుకుంటుంది. గోడకు ఆనేదాకా వెనక్కి లాగి ప్లంజర్ నొక్కితే రెండు సూదులు గోడను గుచ్చి పాలీప్రొపిలిన్ దారాన్ని అందుకుంటాయి. ప్లంజర్ లాగి, దారం కత్తిరించి, మీట దించి పరికరాన్ని బయటికి తీస్తారు. ముందే వేసి ఉన్న ముడిని నీలం దారం లాగి కిందికి జార్చి, రెండో దారంతో బిగిస్తారు. మీట దించడం మరిచిపోయి లాగితే ధమని చిరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేత ప్రతి అడుగునూ పైకి చెప్పించడం దీనికోసమే. ఇందులో ఉన్న పెద్ద సుఖం, ముడి బిగించేలోపు వైరుని తిరిగి లోపలికి పంపి ఉంచుకోవచ్చు. ముడి పట్టకపోతే అదే వైరు మీద మళ్లీ షీత్ పెట్టుకోవచ్చు. ప్లగ్‌తో లంగరు తిరిగాక ఆ అవకాశం ఉండదు.

క్లిప్ రకానికి స్టార్‌క్లోజ్ ఉదాహరణ, నిటినాల్ లోహపు చిన్న పట్టీ గోడ బయటినుంచి అంచుల్ని దగ్గరికి లాగుతుంది. మింక్స్ అనేది పీఈజీ జిగురు ముద్దను ధమని బయట పెట్టి వచ్చేస్తుంది, లోపల ఏదీ మిగలదు.

ఇక యాజమాన్యాలు. పెర్‌క్లోజ్‌ని అబాట్ 1999లోనే కొంది. మింక్స్ తయారుచేసిన యాక్సెస్‌క్లోజర్‌ని కార్డినల్ హెల్త్ 2014లో 32 కోట్ల డాలర్లకు తీసుకుంది. యాంజియో-సీల్ చేతిలో ఉన్న సెయింట్ జూడ్ కంపెనీని అబాట్ కొంటున్నప్పుడు రెండు పెద్ద బ్రాండ్లూ ఒకే చేతికి వస్తాయని పోటీ నియంత్రణ సంస్థలు అభ్యంతరం చెప్పాయి. దాంతో యాంజియో-సీల్, ఫెమోసీల్ వగైరా జపాన్ కంపెనీ టెరుమోకి వెళ్లాయి, 2017 జనవరిలో, దాదాపు 112 కోట్ల డాలర్లకు. సిరలకు పడిన రంధ్రాలు మూసే వాస్కేడ్ తయారీదారు కార్డివాని హేమోనెటిక్స్ 2021లో ముందుగా 47.5 కోట్ల డాలర్లు చెల్లించి కొంది. కాలికి బదులు మణికట్టు ధమని నుంచి చేసే పద్ధతి బాగా వ్యాపించిన తర్వాత కూడా ఇంత డబ్బు పెట్టారు. కొన్నవాళ్లంతా పాత 6 ఫ్రెంచ్ యాంజియోగ్రామ్‌ని చూసి కొనలేదు. పెద్ద రంధ్రాలూ, సిరలూ వాళ్ల లెక్కలో ఉన్నాయి.

సమయం సంగతి అంకెల్లో చూడాలంటే 2014లో వచ్చిన ఐసార్-క్లోజర్ అధ్యయనం ఉంది. 4,524 మందిలో ఫెమోసీల్, ఎక్సోసీల్ అనే రెండు మూసే పరికరాలనూ చేతి నొక్కుడునూ పోల్చారు. రక్తనాళ సమస్యలు పరికరాలతో 6.9 శాతం, చేత్తో 7.9 శాతం. పరికరం తీసిపోదని తేలింది, అంతే. రక్తం ఆగిన సమయం మాత్రం ఒక నిమిషానికీ పది నిమిషాలకూ ఉన్నంత తేడా.

మణికట్టు వచ్చి మార్చిన లెక్క

1989లో మాంట్రియల్‌లో క్యాంపో మణికట్టు ధమని నుంచి యాంజియోగ్రామ్‌లు చేసి చూపించారు, 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కీమెనై అదే దారిలో యాంజియోప్లాస్టీ చేశారు. 2011 నాటి రైవల్ అధ్యయనంలో 7,021 మందిలో పెద్ద రక్తనాళ సమస్యలు మణికట్టులో 1.4 శాతం, గజ్జల్లో 3.7 శాతం. ఏ ప్లగ్గూ కుట్టూ సాధించలేని తేడా ఇది. మన దేశంలో మామూలు యాంజియోలకు చేతి దారే మొదటి ఎంపిక అయింది.

మణికట్టులో మూసే పరికరమంటే గాలి బుడగ ఉన్న పట్టీ. టీఆర్ బ్యాండ్ లాంటి పట్టీలో 15 మిల్లీలీటర్ల దాకా గాలి ఎక్కించి, షీత్ తీసి, ఒక్క చుక్క కారేదాకా గాలి తగ్గించి, మళ్లీ 1 లేదా 2 మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. గట్టిగా బిగించి వదిలేస్తే రక్తం ఆగుతుంది కానీ ధమని శాశ్వతంగా మూసుకుపోవచ్చు. చిటికెన వేలి వైపు ధమనిని నొక్కిపట్టి, బొటనవేలికి ఆక్సీమీటర్ పెడితే గీత కనబడాలి, అప్పుడే లోపల ప్రవాహం ఉన్నట్టు. ఈ పరీక్షకు అర నిమిషం చాలు, అయినా చాలాచోట్ల చేయరు.

ఈ పట్టీ ప్లాస్టిక్, బుడగ, ఒకవైపుకే తెరుచుకునే వాల్వ్ మాత్రమే. విశాఖ మెడ్‌టెక్ జోన్ లాంటి చోట దీన్ని తయారుచేయడం తేలిక. కరిగిపోయే లంగరు, శుద్ధిచేసిన కొలాజెన్ తయారీ అంత తేలిక కాదు.

ఉద్దానంలో చేతి దారికి అడ్డు

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఈ రోగుల్లో గుండె జబ్బూ ఎక్కువే. వీళ్ల దగ్గరికి వచ్చేసరికి పైన చెప్పిన లెక్క తిరగబడుతుంది.

డయాలిసిస్‌కి వేసే మొదటి ఫిస్టులా మామూలుగా మణికట్టు దగ్గరే, అదే రేడియల్ (మణికట్టు) ధమనినీ పక్కనున్న సిరనూ కలిపి వేస్తారు. యాంజియో కోసం ఆ ధమనిలో షీత్ పెట్టి అది మూసుకుపోతే, రోగి ఒక ఫిస్టులా చోటు పోగొట్టుకున్నట్టే. ఏళ్ల తరబడి డయాలిసిస్ మీద బతకాల్సిన మనిషికి అది చిన్న నష్టం కాదు. కాబట్టి క్రియాటినిన్ పెరుగుతున్న ఉద్దానం రోగికి ‘చేతి నుంచే సేఫ్’ అని కళ్లు మూసుకుని చేయకూడదు. నెఫ్రాలజిస్ట్‌ని అడగాలి, అవసరమైతే కాలి దారే పట్టాలి.

కాలి దారి పట్టాక ఇంకో చిక్కు. కిడ్నీ చెడితే ప్లేట్‌లెట్లు లెక్కకు ఉన్నా సరిగా పనిచేయవు, డయాలిసిస్‌లో హెపారిన్ ఉంటుంది, స్టెంట్ వేస్తే రెండు రకాల రక్తం పలుచన మాత్రలు తోడవుతాయి. చేత్తో నొక్కితే ఆగేందుకు ఎక్కువసేపు పడుతుంది. పరికరానికి డబ్బు పెట్టడం సబబైన రోగులు వీళ్లే. అయితే ఏళ్ల కిడ్నీ జబ్బుతో ధమని గోడలో సున్నం పేరుకుని ఉంటుంది. ముందు గోడ మీద సున్నం ఉంటే పెర్‌క్లోజ్ సూదులు గుచ్చుకోవు, వంగిపోతాయి. ప్లగ్ లంగరూ సరిగా కూర్చోదు. అందుకే షీత్ తీసేముందు దాని గుండానే కొద్దిగా డై వదిలి, ఏటవాలు కోణంలో తొడ ధమని బొమ్మ తీసి చూడాలి: గుచ్చిన చోటు చీలికకు పైన ఉందా, ధమని 5 మిల్లీమీటర్లన్నా ఉందా, సున్నం ఉందా. ఏది తేడాగా ఉన్నా పరికరం పక్కన పెట్టి ఏసీటీ తగ్గేదాకా ఆగి చేత్తో నొక్కడమే క్షేమం. తర్వాతి డయాలిసిస్ హెపారిన్ లేకుండా చేయమని కాగితం మీద రాసి పంపాలి, ఫోన్‌లో చెప్పినమాట షిఫ్ట్ మారితే గాలికి పోతుంది.

పెద్ద రంధ్రాలు, సిరలు

గుండె కవాటాన్ని కాలి నుంచి మార్చే టావీ, కడుపులోని మహాధమనికి లోపలినుంచి గొట్టం వేసే ఈవార్, ఇవన్నీ 14 ఫ్రెంచ్, అంతకు పైబడిన షీత్‌లు. ఇంత రంధ్రాన్ని ఉత్త చేత్తో ఆపడం కుదరదు. ఒకప్పుడు సర్జన్ కోసి కుట్టేవారు. ఇప్పుడు పెద్ద షీత్ వేయకముందే రెండు ప్రోగ్లైడ్‌లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు 30 డిగ్రీలు తిప్పి దారాలు వేసి ఉంచుతారు, పని అయ్యాక ముడులు బిగిస్తారు. పోటీగా మాంటా అనే కొలాజెన్ ప్లగ్ వచ్చింది, టెలిఫ్లెక్స్ కంపెనీది, అమెరికా అనుమతి 2019. ఒక్కటి చాలు, పని తేలిక. కానీ 2021లో 516 మందిలో జరిగిన చాయిస్-క్లోజర్ అధ్యయనంలో గుచ్చిన చోటి సమస్యలు మాంటాతో 19.4 శాతం, ప్రోగ్లైడ్‌తో 12 శాతం వచ్చాయి. తేలికగా ఉన్నదే మంచిదనుకుని పాత చేతివాటాన్ని వదులుకోవద్దని దీని అర్థం. గుజరాత్‌లోని వాపి ఊళ్లో తయారయ్యే మెరిల్ కంపెనీ వారి మైవాల్ లాంటి స్వదేశీ కవాటాలు వచ్చాక మన దేశంలో ఈ పరికరాల గిరాకీ పెరిగేది ఈ వైపునుంచే.

సిరల విషయంలో అమెరికాలో గుండె లయ చికిత్సలు మార్కెట్‌ని లాక్కెళ్తున్నాయి. ఒక్కో రోగికి రెండు నుంచి నాలుగు సిర రంధ్రాలు, ఒక్కోదానికి ఒక వాస్కేడ్. మన దగ్గర కీళ్లవాతపు గుండె జబ్బుకి మిట్రల్ కవాటాన్ని బెలూన్‌తో తెరిచేటప్పుడు సిరకు 14 ఫ్రెంచ్ డైలేటర్ వాడతారు. దానికి పరికరం అక్కర్లేదు. సున్నా నంబరు సిల్కు దారంతో చర్మానికీ కింది కొవ్వుకీ కలిపి ‘8’ ఆకారంలో ఒక కుట్టు వేసి ముడి బిగిస్తే ఆగుతుంది, నాలుగైదు గంటలయ్యాక కత్తిరిస్తారు. ఖర్చు ఒక దారం ప్యాకెట్. సిరలో ఒత్తిడి తక్కువ కాబట్టి ఇది పనిచేస్తుంది, ధమనికి ఈ కుట్టు చాలదు.

చెడితే ఎలా చెడుతుంది

చేత్తో నొక్కినప్పుడు వచ్చే సమస్యలు ఎక్కువగా పైకి కనిపించేవే: వాపు, కమిలిపోవడం. పరికరంతో వచ్చేవి అరుదు, కానీ మొండివి. కొలాజెన్ ధమనిలోకి జారితే కాలు చల్లబడి, తెల్లబడి, నాడి పోతుంది. అది గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన పరిస్థితి. ఇన్ఫెక్షన్ కూడా అంతే. లోపల దారమో స్పంజో ఉన్నచోట స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా చేరితే ధమని గోడే కుళ్లుతుంది. కోస్తా ఉక్కపోతలో, షుగర్ ఉన్న రోగి గజ్జల్లో తామర, ఒరుపు ఉంటే పరికరం వేయకపోవడమే న్యాయం. వెంట్రుకలు బ్లేడుతో గీకకుండా క్లిప్పర్‌తో తీయాలి, పరికరం వేసేముందు చేతి గ్లవ్స్ మార్చి ఆ చోటు మళ్లీ శుభ్రం చేయాలి.

ఇంటికెళ్లాక వారం పది రోజులకు గజ్జల్లో ఎర్రదనం, చీము, జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే ఇంజక్షన్‌తో సరిపెట్టుకోకూడదు. పరికరం వేసిన ఆసుపత్రికే వెళ్లాలి. అదే రోజు నడుం నొప్పి, కడుపు పక్కన నొప్పి, కళ్లు తిరగడం ఉండి గజ్జల్లో ఏమీ కనబడకపోయినా లోపల కారుతోందేమో అని అనుమానించి సీటీ తీయించాలి. సూడో అనూరిజమ్ చిన్నదైతే దానంతటదే మూసుకుపోవచ్చు, పెద్దదైతే అల్ట్రాసౌండ్ చూస్తూ రక్తం గడ్డకట్టించే థ్రాంబిన్ ఎక్కిస్తారు.

డబ్బు, నిల్వ, కార్డు

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మొదటి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. ఇందులో యాంజియోప్లాస్టీకి ఇచ్చేది మొత్తంగా ఒక ప్యాకేజీ. అందులోంచే స్టెంటు, బెలూన్లు, మందులు, మంచం అన్నీ రావాలి. స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది, మందు పూసినదానికి అప్పట్లో 29,600 రూపాయలు. మూసే పరికరాలకు అలాంటి పరిమితి లేదు. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల నియంత్రణలోకి వచ్చాయి కనుక ఏడాదికి 10 శాతం మించి ఎంఆర్‌పీ పెంచడానికి మాత్రం వీల్లేదు. కాబట్టి ప్యాకేజీ కేసులో పరికరం వేస్తే ఆ ఖర్చు ఆసుపత్రి మీద పడుతుంది, నగదు కేసులో రోగి బిల్లులోకి ఎక్కుతుంది. అవసరం లేనివాళ్లకు పడి, అవసరమైనవాళ్లకు అందకపోవడానికి ఇదే కారణం. కిడ్నీ రోగుల కాలి యాంజియోకి, పెద్ద షీత్‌లకు విడిగా అనుమతి ఇచ్చే ఏర్పాటు ప్యాకేజీలోనే ఉంటే ఈ తిరకాసు తీరుతుంది.

నిల్వ కూడా చూసుకోవాలి. యాంజియో-సీల్ ప్యాకెట్ మీద ఉష్ణోగ్రత చుక్క ఉంటుంది, లేత బూడిద రంగు నుంచి నల్లబడితే వాడకూడదు. లంగరు వేడికి మెత్తబడే పదార్థం. ఏసీ లేని స్టోర్‌లో మే నెల ఎండకో, తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకపోతేనో అది చెడిపోతుంది. పశువుల కొలాజెన్ అన్నది రోగికి ముందే చెప్పాలి, వద్దన్నవాళ్లకు కుట్టు రకం ఉంది.

ఇక కార్డు. ఇక్కడి రోగి శ్రీకాకుళంలో యాంజియో చేయించుకుని, స్టెంట్ కోసం వారం తిరక్కుండా విశాఖ వెళ్తాడు. యాంజియో-సీల్ వేసిన చోట 90 రోజుల లోపు మళ్లీ గుచ్చాల్సి వస్తే పాత రంధ్రానికి ఒక సెంటీమీటరు పైన గుచ్చాలి. రెండో ఆసుపత్రికి ఆ సంగతి తెలియకపోతే సూది నేరుగా లంగరు మీదే పడొచ్చు. పరికరంతోపాటు వచ్చే కార్డు ఎక్కువసార్లు క్యాథ్ ల్యాబ్ చెత్తబుట్టలోకే పోతుంది. కార్డుని కేస్‌షీట్‌కి కాకుండా రోగి చేతికిచ్చే ఫైలుకి పిన్ చేసి, డిశ్చార్జి కాగితంలో పరికరం పేరు, ఏ కాలు, ఏ తేదీ, మళ్లీ ఎప్పటిదాకా అక్కడ గుచ్చకూడదో తెలుగులో ఒక వరుస రాయాలి.